పుస్తకంలో లేని జాలరి

పెద్ద కుటుంబాలు చితికిపోయే నవలలు చదివి కళ్ళు తుడుచుకునేవాళ్ళను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. చితికినవాళ్ళ మీద నాకేం కోపం లేదు. చితికేటప్పుడు కూడా వాళ్ళు పక్కవాళ్ళ మీదే పడతారన్న సంగతి ఆ నవలల్లో ఉండదు, అందుకే నా మంట. అలాంటి నవల ఒకటి నేనే నా నోటితో ఎనిమిది నెలలపాటు రోజూ సాయంత్రం బడి వదిలాక చదివి వినిపించాను. ఇంగ్లీషులో చూస్తూ తెలుగులో చెప్పాను. బాగా చెబుతానని పేరు కూడా తెచ్చుకున్నాను. ఆ పేరు గుర్తొస్తే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

యాభైలు ముగుస్తున్న రోజులవి. నాకు ఇరవై ఒకటో ఏడు. మాది అల్లూరుకు తూర్పున, కాలవ దాటాక సముద్రం ఒడ్డున ఉన్న, చేపలు పట్టుకు బతికే పట్టపువాళ్ళ పల్లె. అందులో బడికి పోయిన మొదటి ఆడపిల్లను నేనే. నెల్లూరులో హాస్టల్లో ఉండి చదివి, ట్రైనింగ్ పూర్తి చేసి, కాలవకు ఇవతల పెద్ద ఊళ్ళో పంతులమ్మగా చేరాను. ఆ ఊరు ఒకప్పుడు జమీందారుగారిది. జమీలు రద్దయి పదేళ్ళు కావస్తున్నా జనం నోట ఆయన మేడ ఇంకా నగరే, అంటే రాజుగారి కోటే. దొర పోయి చాలాకాలమైంది. ఇంట్లో మిగిలింది దొరసానమ్మ, ఎప్పుడూ ఆమె వెంటే ఉండే ముసలి దాసి, ఒక వంటాయన. కొడుకు మద్రాసులో ఉండేవాడు. నలభై ఐదేళ్ళు దాటినా ఆయన్ను అందరూ చిన్నదొర అనే పిలిచేవాళ్ళు.

దొరసానమ్మకు కళ్ళలో పొర కమ్మింది. నెల్లూరు డాక్టరు ఆపరేషను చేస్తే చూపు వస్తుందన్నాడట. పరాయి మగవాడు తన ముఖం మీద చెయ్యి వెయ్యడమేమిటని ఆమె ఒప్పుకోలేదు. చూపు పోయినా ఫరవాలేదు గానీ నవలలు కావాలి. దొర మద్రాసు నుంచి తెప్పించిన ఇంగ్లీషు పుస్తకాలు నాలుగు బీరువాల నిండా ఉన్నాయి. బడి పంతులుకు ఇంగ్లీషు వచ్చు గానీ, లోపలి గదుల్లోకి మగవాళ్ళు రాకూడదు. ఇక మిగిలింది నేను. పట్టపుపిల్లనని మొదట కొంచెం తటపటాయించారు. తర్వాత నాకోసం విడిగా ఒక చాప కొని, గోడ వారగా వేశారు. నేను వెళ్ళాక ఆ చాపను చుట్టి వరండాలో పెట్టేవాళ్ళు.

ఆమె మొదట తీయించిన పుస్తకానికి అట్ట లేదు, మొదటి కొన్ని పేజీలూ లేవు. చెదలు తినేశాయి. అందుకని దాని పేరేమిటో, రాసిందెవరో నాకు ఇవాళ్టికీ తెలియదు. ఫ్రాన్సు దేశంలో సముద్రానికి దగ్గరగా ఒక కోట, అందులో ఒక వంశం. తాత గుర్రాల మీద తగలేస్తాడు, తండ్రి విందుల మీద, కొడుకు పేకాట మీద. ముసలి దొరసాని మాత్రం ఏమీ జరగనట్టు రోజూ భోజనాల బల్ల మీద చచ్చిపోయినవాళ్ళకు కూడా పళ్ళాలు పెట్టిస్తుంది. అధ్యాయానికొకటి పోతూ ఉంటుంది. ఒకసారి అడవి, ఒకసారి వెండి దీపాలు, చివరికి మనవరాలు. ఆ పిల్లను సబ్బుల వ్యాపారికిచ్చి పెళ్ళి చేస్తారు. రాసినవాడు గట్టివాడు, అందులో అనుమానం లేదు. అంత లావు పుస్తకంలో పొలం దున్నేవాడు ఒకే ఒక్కసారి కనిపిస్తాడు, అది కూడా దొరసాని బండి పోతుంటే టోపీ తీసి పక్కకు తప్పుకోవడానికి.

నేను కూడా ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు. వెండి దీపాలు బండికెక్కే చోట ఒకే వాక్యం రెండుసార్లు చదివాను. దొరసానమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, నిదానంగా చదవమని దాసి చేత చెప్పించింది. అవును, దాసి చేతనే. ఆ ఇంటి పద్ధతి అది. బయటినుంచి వచ్చినవాళ్ళు దొరసానమ్మతో నేరుగా మాట్లాడకూడదు, ఆమె కూడా వాళ్ళతో మాట్లాడదు. మూడు మూరల దూరంలో కూచున్నా సరే, మన మాట దాసికి చెప్పాలి, దాసి ఆమెకు చెబుతుంది. పుస్తకంలోని మాట మాత్రం నేరుగా వినవచ్చు, ఎందుకంటే అది నా మాట కాదు కదా. ఎనిమిది నెలలు ఆ గదిలో నా నోరు ఆ పుస్తకానికి అద్దెకిచ్చినట్టే ఉండేది.

ఇంతలో మా తిప్ప సంగతి వచ్చి పడింది. మా పల్లె గుడిసెలన్నీ ఒక ఇసుక తిప్ప మీద ఉండేవి. తెప్పలు లాగి పెట్టుకునేది అక్కడే, వలలు ఆరేసుకునేది అక్కడే. చుట్టుపక్కల మిగతాదంతా పల్లం, వానాకాలం వస్తే నడుముల్లోతు నీళ్ళు నిలుస్తాయి. చచ్చిపోయినవాళ్ళను పూడ్చేది కూడా తిప్ప ఉత్తరం కొసనే. మా అమ్మ అక్కడే ఉంది. ఆ తిప్ప దొరసానమ్మకు ఆమె పుట్టింటివాళ్ళు పెళ్ళిలో పసుపు కుంకుమల కింద ఇచ్చిన భూమి. జమీ అంతా పోయినా అది ఆమె పేరుతోనే నిలిచింది, కొడుకు కూడా ఆమె సంతకం లేకుండా అమ్మలేడు. ఒకరోజు నలుగురు మనుషులు గొలుసులు పట్టుకుని వచ్చి తిప్పను కొలిచిపోయారు. చిన్నదొర దాన్ని మద్రాసు కట్టెల కంట్రాక్టరుకు అమ్మబోతున్నాడట, అతను తిప్పంతా సరుగుడు తోట వేస్తాడట. కట్టెలు కాలవలో పడవల మీద మద్రాసుకు పోతాయట. మేము ఎక్కడికి పోవాలో అడిగితే, కొలిచినవాళ్ళు పల్లం వైపు చెయ్యి చూపించారు.

పల్లె పెద్దలందరూ మా ఇంటి ముందు చేరారు. నేను రోజూ దొరసానమ్మ ఎదుట కూచునేదాన్ని కాబట్టి ఒక్క మాట ఆమె చెవిన వెయ్యమన్నారు కొందరు. వద్దన్నది మా నాయనే. దొరసానమ్మను అడగడమంటే ఆమెకు తెలియదని చెప్పినట్టు అవుతుందన్నాడు.

"మనం నోరు తెరిచి అడిగితే అమ్మ మర్యాద ఏం గావాల? ఆమెకే తోస్తాది. తోచేట్టు మనం నడుచుకోవాల, అంతే" అన్నాడు.

తోచేట్టు నడుచుకోవడమంటే ఏమిటో మా వాళ్ళకు ఒకటే తెలుసు. ఏడాదికోసారి గంగమ్మకు పొంగళ్ళు పెట్టుకున్న తర్వాత పెద్దవల వేసి, మొదట పడిన చేపల్లో మంచివి ఏరి, గంపకు పసుపు రాసి నగరుకు పంపడం మా తాతల నాటి ఆచారం. తొలిగంప అంటారు దాన్ని. జమీ ఉన్న రోజుల్లో నగరు నుంచి కొత్త పంచె, తాంబూలం తిరిగి వచ్చేవి. జమీ పోయాక పంచె ఆగిపోయింది, తాంబూలం ఆగిపోయింది, గంప మాత్రం ఆగలేదు. ఎందుకు మోస్తున్నారని నేను ఎన్నోసార్లు నాయనతో పోట్లాడాను. ఇచ్చే చెయ్యి మనది, వాళ్ళు పెట్టలేదని మనం మానుకుంటామా అనేవాడు. ఆ ఏడు ఒక గంప చాలదనుకున్నారు. రెండు గంపలు పంపారు. వంజరాలు, పండుగప్పలు, ఒక్కొక్కటి పసిబిడ్డంత. నేను బడిలో ఉన్న సమయంలో ఏడుగురు పెద్దలు మోసుకుపోయి ఇచ్చి వచ్చారు. ఈసారి నగరులో బాగా గౌరవించారని, కూచోబెట్టి మజ్జిగ ఇచ్చారని ఇంటికొచ్చి ఒకటే సంబరం. మజ్జిగతోపాటు ఇంకేం జరిగిందో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. అది నా తప్పే.

నాయన అడగొద్దన్నాడు. నగరు పద్ధతి నోరు తెరవనివ్వదు. తెరవగలిగింది పుస్తకం ఒక్కటే. అందుకని ఒక సోమవారం సాయంత్రం, మనవరాలి పెళ్ళి ముగిసి కొత్త అధ్యాయం మొదలయ్యే చోట, పుస్తకంలో లేని మనిషిని ఒకడిని తీసుకొచ్చి కోట తలుపు దగ్గర నిలబెట్టాను. జాలరి. నెత్తిన గంప. దాసి ముఖం వైపు చూడకుండా పేజీ తిప్పాను. దొరసానమ్మ తల కొంచెం పక్కకు తిప్పింది. నేను సాగించాను.

ఆ రోజు నుంచి ఆ ఫ్రాన్సు దేశం జాలరి కథ పెరుగుతూ వచ్చింది. వాడికి ఒక ఇసుక దిబ్బ ఇచ్చాను. దిబ్బ మీద నలభై గుడిసెలు వేశాను. దాని కొసన వాడి పెళ్ళాన్ని పూడ్చిపెట్టాను. ప్రతి ఏడూ మొదటి గంప కోటకు మోయించాను. చలిదేశంలో దొరికే చేపల పేర్లు నాకెక్కడ తెలుసు, వంజరం పేరు చెప్పకుండా పెద్ద చేప, వెండి రంగు చేప అని నెట్టుకొచ్చాను. పేకాట కొడుకు ఆ దిబ్బను అమ్మబోతున్నట్టు చెప్పాను. అమ్మితే ఆ నలభై గుడిసెలు వానల్లో ఏమవుతాయో మూడు సాయంత్రాలు చెప్పాను. ఆ మూడు సాయంత్రాలూ పుస్తకం నా ఒళ్ళో ఊరికే తెరుచుకుని ఉంది, నేను అందులోకి చూడను కూడా లేదు.

ఆమె విన్నది. అంత శ్రద్ధగా వెండి దీపాల కథ కూడా వినలేదు. నేను రాగానే, జాలరి ఏమయ్యాడో చెప్పమని దాసి చేత అడిగించేది. వాడు పెళ్ళాం సమాధి మీద ఇసుక సవరించే చోట ఆమె కళ్ళ వెంట ధారగా నీళ్ళు కారాయి. తుడుచుకోను కూడా తుడుచుకోలేదు. ఆ సాయంత్రం నేను కాలవ రేవుకు నడవలేదు, పరుగెత్తాను. గెలిచామనుకున్నాను. దొరసానమ్మకు తోచింది, ఇక సంతకం పెట్టదు, మా అమ్మ ఉన్న చోటు మాకే ఉంటుందని నాకు నమ్మకం కుదిరింది. నాయనకు చెబితే నవ్వాడు. తోస్తుందని ముందే చెప్పినాను గదా అన్నాడు.

నాలుగు రోజులకు చిన్నదొర మద్రాసు నుంచి దిగాడు. వెంట కట్టెల కంట్రాక్టరు, దస్తావేజులు రాసే ఆయన. నేను వెళ్ళేసరికి అందరూ హాల్లో కుర్చీల్లో ఉన్నారు. హాలు మధ్యలో తెర కట్టారు. తెరకు ఇవతల దొరసానమ్మ, దాసి, నా చాప. దస్తావేజు రాసినాయన చదవబోతే దొరసానమ్మ ఒప్పుకోలేదు. ఆ పిల్ల చదివితేనే తనకు అర్థమవుతుందని చెప్పించింది. చిన్నదొరకు అది నచ్చలేదు, అయినా కాగితాలు తెర కింద నుంచి జరిపాడు. నా చేతికే వచ్చాయి.

పుస్తకమైతే మార్చి చెప్పగలను. ఇది మార్చలేను, రాసినవాడు అవతలే కూచుని ఉన్నాడు. ఉన్నది ఉన్నట్టు చదివాను. హద్దులు చదివాను. ఉత్తరం కొస చదివాను. తర్వాత వచ్చింది ఆ వాక్యం. సదరు తిప్పపై గుడిసెలు వేసుకొనియున్న పట్టపువారు, తాము నగరు వారి దయ వలన మాత్రమే అచ్చట ఉన్నట్టు ఒప్పుకొని, ప్రతి సంవత్సరము చేపల రూపమున శిస్తు చెల్లించుచు వచ్చియున్నారనీ, ఈ సంవత్సరము రెండు గంపలు చెల్లించి, పిలిచిన మరుక్షణం ఖాళీ చేయగలమని వేలిముద్రలు వేసి ఇచ్చిన కాగితము ఇందుతో జతపరచడమైనదనీ. కాగితం తిప్పాను. ఏడు వేలిముద్రలు. మొదటిది మా నాయనది, పక్కనే పేరు.

మజ్జిగ ఎందుకిచ్చారో అప్పుడు అర్థమైంది. చేపలు ముట్టినట్టు రసీదు అని చెప్పి ఉంటారు. నగరు వాళ్ళు మాకు కూడా రసీదు రాశారని మా వాళ్ళు పొంగిపోయి, ఒకరి తర్వాత ఒకరు వరసలో నిలబడి ముద్ర వేసి ఉంటారు. అక్షరం ముక్క వచ్చిన కూతురు అదే ఊళ్ళో బడిలో పిల్లలకు గుణింతాలు చెబుతోంది. ఒక్కరు, కనీసం ఒక్కరు బడికి కబురు పెట్టి ఉంటే. అమ్మ ఇంట్లో కాగితాన్ని అనుమానించడమేమిటని పెట్టలేదు. చేత్తో తెచ్చిచ్చిన మర్యాదను శిస్తు అని రాసుకునే బుద్ధి పుట్టడానికి ఎన్ని తరాలు కూచుని తినాలో నాకు తెలియదు.

కాగితం కింద పెట్టి, జీవితంలో మొదటిసారి ఆ ఇంట్లో నా మాట నేను మాట్లాడాను. "అది శిస్తు కాదు. మర్యాదకు ఇచ్చినారు."

దొరసానమ్మ దాసి వైపు తిరిగింది. "ఏమంటా ఉంది?"

దాసి చెప్పింది. తెర అవతల చిన్నదొర నవ్వి, మర్యాదకు వేలిముద్రలు ఎందుకేశారో అడగమన్నాడు. దొరసానమ్మ చెయ్యెత్తి ఆయన్ను ఆపింది. అప్పుడు ఆ ఇంటి పద్ధతిని ఆమే మీరింది. దాసితో కాదు, నాతో మాట్లాడింది.

"పంతులమ్మా, ఆ పుస్తకంలో జాలరి లేడు. దొర బతికుండగా నాకు రెండుసార్లు చదివి చెప్పినాడు. మనవరాలి పెళ్ళి తర్వాత కోట అమ్మడమే, ఇంకేం లేదు. నువ్వు వాణ్ణి తెచ్చిన రోజే నాకు తెలిసింది."

నేను కింద పెట్టిన కాగితాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను.

"బాగా చెప్పినావు. దొర కూడా అట్టా చెప్పలేదు. అందుకే ఆపలేదు" అంది. "నాకూ కడుపు తరుక్కపోతా ఉంది. అయినా ఇల్లు నిలబడాల గదా."

అంటే ఆ మూడు సాయంత్రాలూ అది ఎవరి కథో తెలిసే విన్నది. మా అమ్మ సమాధి అని తెలిసే ఏడ్చింది. అది దొంగ ఏడుపు అయితే నాకు ఇంత మంట ఉండేది కాదు. నిజంగానే ఏడ్చింది. ఏడవడంతో ఆమె చెయ్యాల్సింది అయిపోయింది. మా తిప్ప ఆమెకు ఒక మంచి అధ్యాయం, విని, కళ్ళు తుడుచుకుని, పక్కన పెట్టేసింది. నేను ఎంత బాగా చెబితే ఆమెకు అంత తృప్తి కలిగింది. ఆ తృప్తి నేనే ఇచ్చాను, వరసగా, సాయంత్రం తర్వాత సాయంత్రం.

దస్తావేజు రాసినాయన, చూపు లేదు కాబట్టి వేలిముద్ర చాలన్నాడు. దొరసానమ్మ ముఖం ఎర్రబడింది. వేలిముద్రలు మా వంశంలో లేవంది. కొడుకు తెర ఎత్తి లోపలికి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని కాగితం మీద సరైన చోట పెట్టాడు. ఆమె తన పేరు చివరి అక్షరం దాకా, వంకర లేకుండా, తలకట్లతో సహా రాసింది. రాసి, కలం దాసికి ఇచ్చి, నా వైపు తిరిగింది.

"ఆ జాలరి కడాకు ఏమైనాడో చెప్పి పో" అంది.

"ఇప్పుడే గదమ్మా మీరు సంతకం పెట్టింది. అదే" అన్నాను. దాసి అది ఆమెకు చెబుతుందో లేదో చూడకుండా లేచి వచ్చేశాను. మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కలేదు.

కాలవ రేవులో నాయన ఎదురుచూస్తున్నాడు. వేలిముద్రలు వేసిన మిగతా ఆరుగురూ ఆయన వెనక ఉన్నారు. పడవ దిగుతూనే అంతా చెప్పాను. కాగితంలో ఏం రాసి ఉందో, గంపలను ఏమన్నారో, ఎవరి ముద్ర మొదట ఉందో. గొంతు చించుకునే చెప్పాను. నాయన పడవ తాడు గుంజకు చుట్టాడు. తర్వాత మెల్లగా అడిగాడు, ఇంతకీ అమ్మ నోట మన మాట వచ్చిందా అని.

జాలరి ఏమయ్యాడో అడిగిందని చెప్పాను. నిజమే చెప్పాను, ఇంకేం చెప్పను.

ఆయన ముఖం వికసించింది. వెనక్కి తిరిగి వాళ్ళందరికీ వినపడేట్టు, "చూసినారా, అడిగిందంట. అమ్మ మనల్ని మరిచిపోలేదు" అన్నాడు. ఒకాయన దణ్ణం పెట్టాడు, నగరు ఉన్న దిక్కుకి. ఇంకొకాయన, వచ్చే ఏడు మూడు గంపలు పంపుదామన్నాడు, పల్లంలో ఉన్నా సముద్రం మనదే గదా అని.

అప్పుడు నేను చెయ్యెత్తాను. నగరులో చిన్నదొర మీద ఎత్తలేదు, కంట్రాక్టరు మీద ఎత్తలేదు, అంత నిదానంగా పేరు రాసిన ఆ ముసలామె మీద ఎత్తలేదు. రేవులో, అందరూ చూస్తుండగా, మా నాయన మీద ఎత్తాను.